ఫీజు లేకపోతే చాలునా?

"సర్కారు బడిలో ఫీజు లేదు కదా, ఇంకా పిల్లల్ని మాన్పిస్తారేం?" అని పట్నంలో వాళ్లు అడుగుతుంటారు. రైతు సోదరులారా! దీనికి జవాబు మనకే బాగా తెలుసు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది. అంటే ఎనిమిదో తరగతితో సరి. తొమ్మిది, పది తరగతులకు జిల్లా పరిషత్ హైస్కూల్లో జీతం కట్టనక్కర్లేదు గానీ, చట్టం అండ ఉండదు. సరిగ్గా అక్కడే మన పిల్లలు బడి మానేస్తున్నారు.

ఓసారి లెక్క వేసి చూడండి. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్ల పత్తి తీయగలదు, సీడు పత్తి చేలో క్రాసింగు చేయగలదు. బడికి పంపితే ఆ పూట కూలి పోతుంది. ఈ పోయే కూలే అసలు ఫీజు. దీన్ని ఏ సర్కారూ జీవో ఇచ్చి రద్దు చేయలేదు.

రెండో ఫీజు దూరం. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దానివల్ల సుమారు 30 శాతం పెరిగారని పరిశోధకులు తేల్చారు. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఫలితం ఎక్కువట. మన దగ్గర ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేశారు. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో అది మొదలైంది. మంచిదే. కానీ బడి వేళకు బస్సే రాని ఊరికి ఉచిత టికెట్టుతో ఒరిగేదేముంది? కాబట్టి గ్రామసభలో ముందు బస్సు అడగండి. విద్యాహక్కును పదో తరగతి దాకా పొడిగించమని ఓటు కోసం వచ్చిన ప్రతివాణ్ణీ నిలదీయండి.

మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. ఎనిమిదో తరగతిలో కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం పరీక్ష రాయిస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని సర్కారు బడి పిల్లలు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల చొప్పున వస్తాయి. వెంటనే హెడ్మాస్టరుగారిని కలిసి వివరాలు కనుక్కోండి.

రెండెకరాలు ముగ్గురికి పంచితే చివరికి గట్లే మిగులుతాయి. ఈ క్రాసింగు సీజన్లో పిల్లను చేలోకి పిలిచే ముందు, అయ్యా, ఒక్కసారి ఆలోచించండి.