పొరుగువారి అర్జీ గోడ మీదా, మనిషి మీదా?

2025 మార్చి 26న భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అంత భవనం కళ్లెదుట లేస్తుంటే అడిగేవారే లేకపోయారా అన్న ప్రశ్న ఆనాటి నుంచి నన్ను వదలడం లేదు. ఉద్యోగ జీవితమంతా అర్జీలకు నంబరు వేసిన గుమాస్తాను గనుక, అర్జీ ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో నాకు కొంత తెలుసు.

ముందుగా మన ప్రాంతపు చిక్కు చెప్పాలి. 2014 విభజనలో చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా భద్రాచలం పట్టణం మాత్రమే తెలంగాణలో మిగిలింది. పక్కకు పెరగడానికి చోటు లేని ఊరు పైకి పెరుగుతోంది. పైగా ఇది ఏజెన్సీ. ఇక్కడి భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని 1/70 చట్టం నిషేధిస్తుంది. ఆ చట్టం ఆదివాసీల రక్షణ కవచం. దానిని మనం గౌరవించవలసిందే. అయితే పట్టా, అనుమతి సరిగా లేని ఇళ్లు అన్ని మతాలవారికీ ఉన్నప్పుడు, ఎవరి ఇంటిపై అర్జీ పడితే వారే దోషులుగా కనిపిస్తారు.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో కొద్ది రోజుల తేడాతో రెండు అర్జీలు వచ్చాయి. పొరుగువారు మురుగుకాలువ మీద మెట్లు కట్టారనీ, వాననీరు తమ ఇంట్లోకి వస్తోందనీ ఒకటి. దానిపై సంతకం, చిరునామా ఉన్నాయి. అది నెలల తరబడి ఫైలులోనే నిద్రపోయింది. రెండవది ఆకాశరామన్న ఉత్తరం. ఫలానా ముస్లిం కుటుంబం రేకుల గది వేస్తోందనీ, రేపు అది నమాజు గది అవుతుందనీ అందులో ఉంది. ఆ సాయంత్రమే సిబ్బంది వెళ్లి పని ఆపించారు. అది ముసలి తల్లి కోసం వేస్తున్న వంటగది. రెండు అర్జీలకూ ఇన్‌వర్డు నంబరు వేసింది నేనే. ఆనాడు నోరు విప్పకపోవడం నా తప్పు.

అందుకని పొరుగువారికి ఫిర్యాదు హక్కే వద్దనడం తెలివితక్కువ. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం ఖమ్మం వంటి నగరాలలో 75 చదరపు గజాలలోపు ఇంటికి నమోదు చాలు. 600 చదరపు గజాలలోపు, 10 మీటర్ల ఎత్తులోపు కట్టడానికి యజమాని స్వీయ ధ్రువీకరణ సరిపోతుంది. అధికారి ముందుగా వచ్చి చూడని చోట పక్కింటివారి కన్నే మిగిలిన కాపలా.

కావలసింది ఒక్కటే: అర్జీ గోడ మీద ఉండాలి, మనిషి మీద కాదు. ఎత్తెంత, వదిలిన ఖాళీ ఎంత, కాలువ మూసుకుపోయిందా, దారి తగ్గిందా అన్నవే అందులో ఉండాలి. సంతకం లేని ఉత్తరంతో పని ఆపించకూడదు. ఒక వీధిలో టేపు తీస్తే అదే టేపుతో అందరి ఇళ్లూ కొలవాలి.

మనవారికీ ఒక మాట. వీధిలోకి అరుగులు జరిపింది మనలోనూ ఉన్నారు. ముందు వాటిని సరిచేసుకుందాం. కాగితాలు భద్రపరచుకుందాం. అర్జీ ఇస్తే రశీదు అడుగుదాం. జవాబు రాకపోతే ప్రజావాణికి వెళదాం, సమాచార హక్కు దరఖాస్తు వేద్దాం. ఎవరైనా కూల్చివేతకు వస్తే, 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గుర్తుచేద్దాం. 15 రోజుల ముందస్తు నోటీసు, వాదన వినిపించే అవకాశం ఇవ్వకుండా ఇల్లు కూల్చరాదు. రోడ్లు, కాలిబాటల వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకు మాత్రం ఆ రక్షణ లేదని కూడా మరువరాదు.

పొరుగువాడు తన దూలాన్ని మీ గోడకు ఆనించుకుంటానంటే అడ్డుచెప్పవద్దన్నది ప్రవక్త (స) బోధ. ఆ గోడ ఇద్దరినీ మోయగలిగేంత గట్టిదో కాదో చూడటం అధికారుల విధి. ఆ గోడ వెనుక ఎవరున్నారన్నది చూడటం వారి పని కాదు.