కొన్న ఆట ఎవరిది?

బజారులో ఒక వస్తువును కొన్నవానికి ఆపైన ఆ అంగడి యోగక్షేమాలతో పనిలేదు. జహీరాబాద్‌లో పలక కొన్న పిల్లవాడు, మరునాడు ఆ దుకాణం మూతపడినప్పటికీ, ఆ పలక మీద అక్షరాలు దిద్దుకుంటూనే ఉంటాడు. అమ్మినవాడు ఊరు విడిచిపోయినంత మాత్రాన పలక మాయం కాదు. క్రయవిక్రయాలను గూర్చి తరతరాలుగా లోకానికి ఉన్న నమ్మకం ఇదే. ఆన్‌లైను దుకాణాలు వచ్చిన తరువాత ఈ నమ్మకానికి బీటలు పడుతున్నవి. పాత వీడియో ఆటలను డౌన్‌లోడు రూపంలో అమ్మే దుకాణాల చరిత్రను పరిశీలిస్తే ఈ సంగతి తేటపడుతుంది.

ఆటల ప్రసక్తి రాగానే ఉపాధ్యాయులలో కొందరు పెదవి విరవవచ్చును. పిల్లల చదువు చెడగొట్టే వాటి మనుగడను గూర్చి ఇంత విచారం దేనికని అడగవచ్చును. ఒకనాడు నవలను గూర్చి, ఆ తరువాత సినిమాను గూర్చి పెద్దలు ఈ మాటే అన్నారు. నేడు ఆ రెండూ విశ్వవిద్యాలయాలలో పరిశోధనకు యోగ్యమైనవి. కాని 1920ల తొలినాళ్ళలో రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌లు తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ను చూడాలంటే ప్రతి లేదు. విలువ తెలిసేసరికి వస్తువు చేజారింది. ఆటల విషయంలోను అదే జరుగుతున్నది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటలలో నూటికి 87 అమ్మకంలో లేవు.

ఉన్నవాటిని అమ్మే దుకాణాలైనా నిలకడగలవా? నింటెండో సంస్థ తన ‘వీ’ యంత్రానికి సంబంధించిన ఆటల దుకాణాన్ని 2019 జనవరి 30న మూసివేసింది. ‘త్రీడీఎస్’, ‘వీ యూ’ యంత్రాల దుకాణాలను 2023 మార్చి 27న మూసివేసింది. మైక్రోసాఫ్టు వారి ‘ఎక్స్‌బాక్స్ 360’ దుకాణం 2024 జూలై 29న మూతపడింది. సోనీ సంస్థ 2021 మార్చిలో ‘ప్లేస్టేషన్ 3’, ‘వీటా’ యంత్రాల దుకాణాలను మూసివేస్తామని ప్రకటించి, కొన్నవారు గగ్గోలు పెట్టగా ఏప్రిల్‌లో వెనుకకు తగ్గింది. ఇవి దివాలా తీసిన చిల్లర కొట్లు కావు; లోకంలోకెల్ల ధనవంతమైన సంస్థలు. కనుక దుకాణం పెద్దదైతే చిరకాలం ఉంటుందన్న భరోసా చెల్లదు. మూతపడిన దుకాణాలలో అదివరకు కొన్న ఆటలను తిరిగి డౌన్‌లోడు చేసుకొనే వీలు కొంతకాలం ఉంచిన మాట నిజమే. ఆ కొంతకాలం ఎంతకాలమో నిర్ణయించేది మాత్రం కొన్నవాడు కాదు.

అసలు చిక్కు దుకాణం మూతపడటంలో కంటె కొనుగోలు అన్న మాటలోనే ఉన్నది. ఈ దుకాణాలలో డబ్బు చెల్లించినవానికి దక్కేది చాలవరకు వస్తువు కాదు, వాడుకొనేందుకు అనుమతి మాత్రమే. యూబిసాఫ్టు సంస్థ 2014లో ‘ద క్రూ’ అనే ఆటను విడుదల చేసింది. 2024 మార్చి 31న దాని సర్వర్లను ఆపివేయగానే, డిస్కు కొని ఇంట పెట్టుకున్నవారికి సైతం ఆ ఆట పనికిరాకుండా పోయింది. కాలిఫోర్నియా రాష్ట్రం ఈ మాటల గారడీని గుర్తించి చట్టం చేసింది. ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా తెలుపకుండా ‘కొనండి’ అన్న మాటను దుకాణాలు వాడరాదన్న ఆ చట్టం 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. శాశ్వతంగా దాచుకొని, ఇంటర్నెట్టు లేకుండానే వాడుకొనేందుకు వీలుగా సరుకును అప్పగించే దుకాణాలకు ఆ నిబంధన వర్తించదు. సొంతానికీ అనుమతికీ నడుమ గీత ఎక్కడ గీయాలో ఆ చట్టం చక్కగా చూపింది.

దుకాణదారుల పక్షాన చెప్పవలసినది కూడ కొంత ఉన్నది. సర్వర్లను నడపడానికి ఖర్చు అవుతుంది. ఆటలోని పాటలకు, కార్ల పేర్లకు తీసుకున్న హక్కుల గడువు తీరుతుంది. పాత యంత్రాలను వాడేవారు తగ్గిపోతారు. ఏ అంగడినైనా నిత్యం తెరిచి ఉంచమని శాసించడం న్యాయం కాదు. అయితే అంగడి మూసుకొనే హక్కు వేరు, అమ్మిన సరుకును వెంట తీసుకొనిపోయే హక్కు వేరు. మొదటిది వర్తకునికి ఉండవచ్చును. రెండవది ఏ న్యాయానికీ నిలువదు.

మరో మార్గం లేకపోలేదు. 2008లో పోలండులో ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’ అన్న పేరుతో ఒక దుకాణం వెలసింది. పాత ఆటలను ఈనాటి కంప్యూటర్ల మీద నడిచేటట్లు సరిచేసి, ఏ తాళమూ వేయకుండా కొన్నవారికి అప్పగించడం దాని పద్ధతి. 2010 సెప్టెంబరులో ఆ దుకాణం మూతపడినట్లు ప్రకటన వెలువడగా కొన్నవారు హడలిపోయారు. కొద్ది దినాలకే అది ప్రచారం కోసం ఆడిన నాటకమని తేలింది. యజమానులు క్షమాపణ చెప్పుకున్నారు. నాటకమైనప్పటికీ అందులో పాఠం ఉన్నది. కొన్న ఆటలను తమ హార్డు డిస్కులో దాచుకున్నవారికి బెంగలేదు. తాళం లేని సరుకైనా దుకాణంలోనే వదలిపెట్టినవారికి మాత్రం గుండె ఆగినంత పనైంది. దుకాణం నమ్మదగినదైతే సగం పని అయినట్లే. తక్కిన సగం కొన్నవాని చేతిలో ఉన్నది.

ఈ సత్యం జహీరాబాద్ ప్రాంతానికి కొత్తది కాదు. ఇక్కడి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో, చుట్టుపక్కల పల్లెల పేద స్త్రీలు సంఘాలుగా ఏర్పడి జొన్న, కొర్ర, సామ, కంది మొదలైన పాతపంటల విత్తనాలను కాపాడారు. బుట్టలలో పోసి, బూడిద, వేపాకు కలిపి, పైన మట్టితో మెత్తి దాచారు. అడిగినవారికి అప్పు ఇచ్చి, పంట వచ్చాక ఎక్కువ కొలిపించుకున్నారు. పాతపంటల జాతర పేరుతో విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పారు. ఏటేటా అంగడికి పోయి కొనవలసిన విత్తనానికీ, ఇంటి బుట్టలోని విత్తనానికీ భేదం ఏమిటో ఆ స్త్రీలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక ఇంట చెడిన విత్తు వేరొక ఇంట దొరుకుతుంది. పలువురి చేతులలో ఉన్నది చావదు. ఒకరి కొట్టులోనే ఉన్నదానికి ఆ కొట్టు ఆయువే ఆయువు.

ఇదంతా ఆటలకే పరిమితమని విద్యార్థులు అనుకోరాదు. మైక్రోసాఫ్టు 2019లో తన ఈ-పుస్తకాల దుకాణాన్ని మూసివేసినప్పుడు, పాఠకులు కొన్న పుస్తకాలు కూడ దానితోపాటే మాయమైనవి. వెల తిరిగి ఇచ్చారు. పుటలలో స్వయంగా గుర్తులు, వ్యాఖ్యలు రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు. చదువరి అంచులలో రాసుకున్న ఆలోచనకు వెలకట్టి చేతులు దులుపుకోవడం కంటె విచిత్రమేమున్నది! రేపు పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు, ప్రబంధాలు అన్నీ ఇటువంటి దుకాణాల నుండే రావచ్చును.

కాబట్టి గ్రంథాలయాలకు ఆటలను, ఈ-పుస్తకాలను శాశ్వతంగా భద్రపరచే హక్కును చట్టం ఇవ్వాలి. అమెరికాలో పాత ఆటలను దూరాన ఉన్న పరిశోధకులకు అందించేందుకు గ్రంథాలయాలు కోరిన అనుమతిని 2024 అక్టోబరులో నిరాకరించారు. ఇది హర్షించదగిన నిర్ణయం కాదు. చట్టం మారేలోగా, ఆన్‌లైనులో ఏది కొన్నా ఒక్క ప్రశ్న వేసుకోవడం ఉపాధ్యాయులు పిల్లలకు నేర్పవచ్చును: ఈ దుకాణం రేపు లేకపోతే, ఇంట్లో ఏమి మిగులుతుంది? ఏమీ మిగలదన్న జవాబు వస్తే, చెల్లించేది వెల కాదు, అద్దె. అద్దె అని తెలిసి చెల్లించడంలో తప్పులేదు. వెల అని నమ్మించి పుచ్చుకోవడంలోనే తప్పున్నది.