వంటయింటి పొగ ఏ త్రోవను పోవలెను?

ఉక్కు కొలుములను ఎరిగిన పట్టణమునకు పొగను గూర్చి క్రొత్తగా చెప్పవలసినది ఏమున్నదని కొందరు తలంపవచ్చును. సువర్ణరేఖా, ఖర్కాయి నదులు కలియు తావున, సాక్చీ అను పల్లె యున్నచోట, 1907లో స్థాపితమైన టాటా ఇనుము ఉక్కు కంపెనీ తన కర్మాగారమును నిర్మించెను. 1912లో అచట ఉక్కు తయారయ్యెను. 1919లో ఆ పట్టణమునకు జంషెడ్‌పూరు అను పేరు వచ్చెను. ఆ కర్మాగారపు పనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వెళ్లిన తెలుగు కుటుంబములు తరతరములుగ అచటనే స్థిరపడియున్నవి. కద్మా, సోనారి, బిష్టుపూరు వీధులలో ఎండుమిరపకాయల పోపు ఘాటు వచ్చిన ఇల్లు ఎవరిదో ఇరుగుపొరుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఉక్కు కర్మాగారమునకు బ్లోయరు ఊపిరి వంటిది. అది బ్లాస్టు ఫర్నేసు అడుగునకు గాలిని త్రోయును. కొలిమి తలనుండి వెలువడు వాయువులో విషమగు కార్బన్ మోనాక్సైడు మెండు. దానిని పనివారి ముఖములపైకి వదలరు. గొట్టములలో పట్టి, దుమ్ము తీసి, తిరిగి ఇంధనముగ వాడుకొందురు. వంటయింటి బ్లోయరు పని దీనికి విరుద్ధము. అది గాలిని లోనికి త్రోయదు, వెలుపలికి లాగును. పేరొక్కటే గాని పని వేరు. అయినను కొలిమి పనివారి వివేకమొకటి వంటయింటికిని వర్తించును. పుట్టిన వాయువు ఏ గొట్టమున ఎచటికి పోవలెనో నిర్ణయించిన పిమ్మటనే వారు యంత్రమును ఎన్నుకొందురు. ఇంటికి చిమ్నీ కొనువారు తరచుగా ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నారు. యంత్రమును ముందు కొని, పొగ దారిని గూర్చి ఆ పిమ్మట ఆలోచించుచున్నారు.

అంగడిలో మొదట వినవచ్చునది ఒక సంఖ్య. గంటకు 1,200 ఘనపు మీటర్ల గాలిని లాగునని అట్టపెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేసియుండును. ఈ సంఖ్యను కొంచెము పరిశీలింపవలెను. మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల వంటయింటిలో పట్టు గాలి 22.5 ఘనపు మీటర్లు. ఆ గాలిని గంటకు పదునైదు మారులు మార్చుటకు సుమారు 340 ఘనపు మీటర్లు చాలును. పెట్టెపై నున్న సంఖ్య దానికి మూడున్నర రెట్లు. అట్లయినచో అంత గొప్ప యంత్రము క్రింద నిలిచిన గృహిణి కన్నులు ఏల మండుచున్నవి?

కారణము గొట్టమున నున్నది. పెట్టెపై సంఖ్య తరచుగా గాలికి అడ్డేమియు లేని స్థితిలో ఫ్యాను లాగగల పరిమాణము. చిమ్నీ నోరు 150 మిల్లీమీటర్లు ఉండగా, గోడలోని పాత రంధ్రము 100 మిల్లీమీటర్లే యని సన్నని గొట్టము తగిలించినచో గాలిదారి సగముకంటె తక్కువగును. ఆ ఇరుకు దారిన అంతే గాలి పోవలెనన్న దాని వేగము రెండుంబావు రెట్లు కావలెను. దానికి కావలసిన ఒత్తిడి సుమారు ఐదు రెట్లు పెరుగును. ఇంటి చిమ్నీకి అంత శక్తి ఎక్కడిది? ముడుతల అల్యూమినియపు గొట్టమును రెండు మూడు మూలల వద్ద వంచి, అలమారల వెనుకగా త్రిప్పి తీసికొనిపోయిన ఇంటిలో 1,200 అను సంఖ్య పెట్టెమీదనే నిలిచిపోవును. గొట్టము పొట్టిగ, తిన్నగ, నున్నగ, చిమ్నీ నోటికి సమానమైన వెడల్పుతో ఉండి వెలుపలి గోడను దాటవలెను. ఇట్టి గొట్టము గల చిన్న చిమ్నీ, వంకర గొట్టము గల పెద్ద చిమ్నీకంటె మేలు.

ఇది నేటి మాట కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజు పొగరాని పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించిరి. మట్టిపొయ్యికి గొట్టమమర్చి పొగను కప్పుపైకి పంపుట ఆయన పద్ధతి. అందు విద్యుత్తు లేదు, మెరిసెడి అద్దము లేదు. పొగకు దారి మాత్రము కలదు. నేటి అంగడులలో దీనికి సరిగా విపరీతమైన వస్తువొకటి దొరకుచున్నది. అది గొట్టము లేని చిమ్నీ. పొగను లాగి, జల్లెడలోను బొగ్గుపొరలోను వడగట్టి, ఆ గాలినే తిరిగి వంటయింటిలోనికి వదలును. నూనె తుంపురులు కొన్ని చిక్కును, వాసన కొంత తగ్గును. కాని కార్బన్ మోనాక్సైడు చిక్కదు, తేమ చిక్కదు, ఇతర వాయువులను పట్టగల శక్తియు బొగ్గుపొర పాతబడిన కొలది నశించును. చిమ్నీ యనగా పొగను వెలుపలికి పంపునది. పంపని దానికి ఆ పేరు పెట్టి అమ్ముట సరికాదు.

గ్యాసు మంటకు పొగ లేదు గదా, ఇంత చింత ఏల యని అడుగువారు కలరు. కంటికి కానరాని నైట్రోజన్ డయాక్సైడు గ్యాసు మంటలో పుట్టును. దాని పరిమితి ఒక దినమునకు సగటున ఘనపు మీటరు గాలికి 25 మైక్రోగ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించెను. కిటికీ మూసిన వంటయింటిలో రెండు పొయ్యిలు వెలిగినచో గాలియందు ఈ వాయువు త్వరితముగ పెరుగును. ఉబ్బసము గల పిల్లలకు ఇది కీడు చేయును. ఇక వేపుడు పొగ మాట. మిక్కిలి వేడిచేసిన నూనెలో వేయించునపుడు వెలువడు పొగను మానవులకు బహుశః క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2010లో ప్రకటించిన సంపుటమున వర్గీకరించెను. విద్యుత్ పొయ్యి కొన్నవారికి మొదటి బాధ తప్పును గాని రెండవది తప్పదు.

అదే సంపుటమున ఇండ్లలో మండు బొగ్గు పొగ నిశ్చయముగ క్యాన్సరు కారకమని చెప్పబడినది. బొగ్గు నేలయగు ఝార్ఖండులో ఈ మాటకు బరువెక్కువ. చైనాలోని షువాన్‌వీ ప్రాంతమున బొగ్గును గొట్టము లేని గుంటలలో మండించు కుటుంబములు గొట్టము గల పొయ్యిలకు మారినపుడు, ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు పురుషులలో 41 శాతము, స్త్రీలలో 46 శాతము తగ్గెనని 2002లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను. బొగ్గుపొయ్యిపై విద్యుత్ చిమ్నీ వ్రేలాడదీయుట మాత్రము ఉపాయము కాదు. అది అగ్నిప్రమాదమును పిలుచుట. అచట ఇంధనమునే మార్చవలెను.

మరల గ్యాసు వంటయింటికి వచ్చినచో, జంషెడ్‌పూరుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారి ఇల్లు చేరినవాడు పగలు నిద్రించును. సరిగా ఆ వేళనే వంట. రెండు గదుల ఇంటిలో బ్లోయరు గరిష్ఠ వేగమున రొదచేసినచో అతనికి నిద్ర పట్టదు. కావున ఇల్లాలు ఏమి చేయును? చిమ్నీని ఆపివేసి, కొంగు ముక్కునకు అడ్డుపెట్టుకొని పోపు వేయును. వేలు పోసి కొన్న యంత్రము గోడకు అలంకారమగును. ఆమె త్యాగమును మెచ్చుకొనుట సులభము. ఆమె ఊపిరితిత్తులు ఆ మెప్పును ఎరుగవు. అందువలన కొనుటకు ముందే అంగడిలో యంత్రమును నడిపించి, మధ్య వేగమున చప్పుడెంతయో చెవితో వినవలెను. వెడల్పైన గొట్టము గల చిమ్నీ తక్కువ వేగమునను చాలినంత గాలిని లాగును. నిద్రించువానికి శాంతి, వండునామెకు గాలి, రెండును ఆ వెడల్పులోనే కలవు.

చిమ్నీ గూడు పొయ్యికంటె వెడల్పు తక్కువ కారాదు. గ్యాసుపొయ్యిపై దానిని సుమారు 65 నుండి 75 సెంటీమీటర్ల ఎత్తున అమర్చుదురు. తయారీదారు చెప్పిన కొలతనే పాటింపవలెను. గోడవైపు పొయ్యినుండి లేచు పొగ ముందు పొయ్యి పొగకంటె బాగుగ గూడున చిక్కునని అమెరికాలో జరిగిన పరీక్షలు తెలిపినవి. కావున వేపుడు మూకుడును వెనుక పొయ్యిపై పెట్టుట ఖర్చులేని చికిత్స. జల్లెడను నెలకొకమారైనను వేడి సబ్బునీటిలో కడుగవలెను. 1983లో భారత ప్రభుత్వము ఆరంభించిన మెరుగైన పొయ్యిల కార్యక్రమమున పొయ్యిలెన్నో శుభ్రపరచుటయు మరమ్మతుయు లేక మూలపడినవి. జిడ్డు పట్టిన చిమ్నీ గతియు అంతే.

వెల భరింపలేనివారు చిన్నబుచ్చుకొన పనిలేదు. పొయ్యికి దగ్గరగ, వెలుపలి గోడలో, ఎత్తున బిగించిన సాధారణపు ఎగ్జాస్టు ఫ్యాను, గొట్టము లేని ఖరీదైన చిమ్నీకంటె ఆరోగ్యమునకు మేలు చేయును. వెలుపలికి పోయెడి గాలికి బదులు లోనికి గాలి రావలెను. ఎదుటి కిటికీయో తలుపో కొంత తెరచియుంచవలెను. చలికాలమున అన్నియు మూసి బ్లోయరు నడిపిన ఇంటిలో గ్యాసు గీజరు కూడ ఉన్నచో, దాని గొట్టము గుండ పోవలసిన విషవాయువు వెనుకకు మరలి గదిలో చేరవచ్చును. ఇది ప్రాణములతో కూడిన విషయము.

బహుళ అంతస్తుల భవనములను కట్టువారి బాధ్యత వేరే యున్నది. వంటయింటి పొగను భవనము నడిమి ఇరుకు సందులోనికి వదలినచో, క్రింది ఇంటి వేపుడు పొగ పై ఇంటి కిటికీలో దూరును. వెలుపలి గోడలో 150 మిల్లీమీటర్ల రంధ్రమొకటి కట్టడమప్పుడే విడిచిన ఖర్చు స్వల్పము. తరువాత టైల్సు పగులగొట్టి, ఇంటి యజమానిని బతిమాలి చేయించు ఖర్చు అధికము. అద్దె ఇంటివారికి ఆ అనుమతియు దొరకని సందర్భములు కలవు. పటమునకు అనుమతి నిచ్చు అధికారులు స్నానపు గదికి గాలిదారి అడుగునట్లే దీనిని కూడ అడుగవలెను.

బిగించువానికి సొమ్ము చెల్లించుటకు ముందు ఒక పరీక్ష చేయవచ్చును. ఎదుటి కిటికీ తెరచి, చిమ్నీని మధ్య వేగమున నడిపి, ముందు పొయ్యి చెంత అగరువత్తి వెలిగించి పట్టుకొనవలెను. పొగ తిన్నగ గూటిలోనికి పోవుచున్నదా, నిలిచినవారి ముఖమువైపు తిరుగుచున్నదా చూడవలెను. పిదప ఒకరు ఇంటి వెలుపలికి పోయి, గొట్టము కొసన చేయి పెట్టి గాలి తగులుచున్నదో లేదో తెలిసికొనవలెను.