పళ్ళ డాక్టరు చదువుకు పొలం అమ్మవచ్చునా?

మర్రిగూడ: నీట్ ర్యాంకులు వెలువడిన తరువాత ప్రతి ఏటా జిల్లాలోని చాలా రైతుల ఇళ్ళలో ఒకటే చర్చ నడుస్తున్నది. పిల్ల రెండేళ్ళు రాత్రింబవళ్ళు చదివింది. ఎం.బి.బి.ఎస్.కు చాలే ర్యాంకు రాలేదు. బి.డి.ఎస్. సీటు మాత్రం దొరికేటట్లున్నది. చేర్పించవలెనా, మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగుకు పంపవలెనా, ఈ దారే మానుకొని వ్యవసాయ బి.ఎస్సీ., నర్సింగు వంటి వాటి వైపు చూడవలెనా? అన్నం ముందు కూర్చున్నా ఇదే మాట, చేను గట్టు మీద నిలబడ్డా ఇదే మాట.

మండలంలో నాలుగెకరాల పత్తి చేను గల ఒక రైతు పరిస్థితి కూడా ఇదే. కన్వీనరు కోటాలో కూతురికి సీటు వస్తుందో రాదో అన్నట్లున్నది. మేనేజ్‌మెంటు కోటాలో తప్పక ఇప్పిస్తానని ఒక ఏజంటు రోజుకు రెండుసార్లు ఫోను చేస్తున్నాడు. "బిడ్డ డాక్టరయితదంటే ఎకరం పోతే పోనీ అనిపిస్తది. కని పళ్ళ డాక్టరుకు గిరాకి ఎంతుంటదో మాకేం ఎరుక?" అని ఆ రైతు అంటున్నాడు. అమాయకంగా వినిపించినా, కాలేజీ బ్రోచర్లలో ఎక్కడా జవాబు దొరకని ప్రశ్న ఇది.

ముందుగా ఏజంటు సంగతి చూద్దాం. దేశంలో దంత వైద్య కళాశాలలు మూడు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో సీట్లు పాతిక వేలకు పైబడి ఉన్నాయి. 2025లో నీట్ పరీక్షను 22 లక్షల మందికి పైగా రాయగా, 12 లక్షల మందికి పైగా అర్హత పొందారు. ఇన్ని లక్షల మంది ఉండగా దంత వైద్య సీట్ల కోసం తొక్కిసలాట జరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. జరుగుతున్నది వేరు. 2020-21 విద్యా సంవత్సరంలో దేశం మొత్తం మీద సుమారు ఏడు వేల బి.డి.ఎస్. సీట్లు ఖాళీగా మిగిలాయి. అర్హత పర్సంటైలును పది తగ్గించి ఆ సీట్లు నింపవలసిందిగా 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఆదేశించవలసి వచ్చింది. ఆ తరువాత మన రాష్ట్రంలో జిల్లాకొక ప్రభుత్వ మెడికల్ కాలేజీ చొప్పున వచ్చి ఎం.బి.బి.ఎస్. సీట్లు బాగా పెరిగాయి. నల్లగొండలో 2019లోనే మొదలయింది. ఇదివరకు బి.డి.ఎస్.తో సరిపెట్టుకున్న ర్యాంకుల వారు ఇప్పుడు కొందరు అటు పోతున్నారు.

సీట్లు మిగిలిపోయే చదువుకు ఏజంటుతో పని ఏమిటి? తెలంగాణలో కన్వీనరు కోటా సీట్లనే గాక మేనేజ్‌మెంటు కోటా సీట్లను సైతం వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమే ప్రకటన ఇచ్చి, ర్యాంకుల ప్రకారం కౌన్సెలింగు జరిపి భర్తీ చేస్తున్నది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి, కళాశాలల వరుస క్రమం ఇవ్వడం మండల కేంద్రంలోని మీసేవ కుర్రవాడు కూడా చేసి పెట్టగల పని. దానికి వేలల్లో, లక్షల్లో "ఖర్చులు" పుచ్చుకొనేవాడు సీటు ఇప్పించడం లేదు. వచ్చే సీటుకే వెల కడుతున్నాడు.

లెక్క వడ్డీలో చూడవలె

బి.డి.ఎస్. చదువు నాలుగేళ్ళు, ఆపైన ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. మొత్తం అయిదేళ్ళు. హైదరాబాదు అఫ్జల్‌గంజిలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో సీటు వస్తే పెద్దగా ఆలోచించవలసిన పని లేదు. ఫీజు తక్కువ, రోగులు ఎక్కువ. ప్రైవేటు కళాశాలలో కన్వీనరు కోటా సీటు వచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత కూడా ఉన్న కుటుంబానికి సైతం బరువు మోయదగినదే. అయితే రీయింబర్స్‌మెంటు వేళకు రాకపోతే ఆ భారం ఎవరి మీద పడుతుందో ముందే కాలేజీలో అడిగి తెలుసుకోవడం మంచిది. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు బంద్ పాటించడం అందరూ చూసినదే. బకాయి తేలేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తారా, ఇవ్వరా అన్నది కూడా చేరకముందే తేల్చుకోవలసిన ప్రశ్న.

చిక్కంతా మేనేజ్‌మెంటు కోటాతోనే. ఫీజు ఎంతన్నది ప్రభుత్వ ఉత్తర్వులలో, యూనివర్సిటీ ప్రకటనలో ఉంటుంది. లెక్క సులువుగా తెలియడానికి ఏడాదికి నాలుగు లక్షలు అనుకుందాం. నాలుగేళ్ళకు 16 లక్షలు. హాస్టలు, పుస్తకాలు, పనిముట్లు, పరీక్ష ఫీజులు, రాకపోకలు కలిపి ఏడాదికి లక్ష వేసుకున్నా అయిదేళ్ళకు మరో 5 లక్షలు. వెరసి 21 లక్షలు. ఈ సొమ్మును ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే, చదువు ముగిసిన నాటికి వడ్డీయే నెలకు 42 వేలు. చదివే అయిదేళ్ళలో పెరిగిన వడ్డీ ఈ లెక్కలో కలపలేదు.

ఇక రాబడి. కొత్తగా పట్టా పుచ్చుకొన్న బి.డి.ఎస్. డాక్టరు పట్టణంలో మరొకరి క్లినిక్కులో చేరితే మొదట్లో నెలకు పదిహేను, ఇరవై వేలకు మించి ఇవ్వని చోట్లే ఎక్కువ. ఇరవై వేల జీతంతో 42 వేల వడ్డీ ఎట్లా తీరుతుంది? అందుచేత మూడో నాలుగో ఏడు వచ్చేసరికి ఎకరం కాస్తా బేరానికి వస్తున్నది. పిల్ల చేతికి పట్టా వచ్చే నాటికి తండ్రి చేతిలో పట్టాదారు పాసుపుస్తకం ఉండదు.

బ్యాంకు అప్పు వేరు. గ్యారంటీ పథకం కింద ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా విద్యా రుణం ఇచ్చే వీలున్నది. వడ్డీ ఊరి వడ్డీలో సగానికి తక్కువే. కాని ఈ రుణాలు మెరిట్ సీట్లను ఉద్దేశించినవి. మేనేజ్‌మెంటు సీటు అనగానే మేనేజరు మొహం మారిపోతుంది. ఫీజు కట్టిన తరువాత బ్యాంకుకు పోవడం గాక, బ్యాంకులో మాట తీసుకొన్న తరువాతనే ఫీజు కట్టవలె.

పళ్ళ బస్సు చెప్పే సంగతి

ఏ కాలేజీ మంచిదో పల్లెవాసికి ఎట్లా తెలుస్తుందని కొందరు అడగవచ్చు. నిజానికి ఈ విషయంలో పల్లెవాసికి తెలిసినంత పట్నవాసికి తెలియదు. చాలా దంత వైద్య కళాశాలలు ఊళ్ళకు బస్సులు పంపుతాయి. పంటి నొప్పి ఉన్నవారిని ఎక్కించుకొని పోయి, ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో వైద్యం చేసి, సాయంత్రానికి తిరిగి దింపుతాయి. జనం దానిని పళ్ళ బస్సు అంటారు. ఇందులో ధర్మం ఉన్నది, అవసరమూ ఉన్నది. విద్యార్థి పని నేర్చుకోవాలంటే కుర్చీలో రోగి కూర్చోవలె గదా. పన్ను పీకడం, పుచ్చిన పన్నుకు సిమెంటు నింపడం, వేరు శుభ్రం చేయడం, పళ్ళసెట్టు కట్టడం పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. మొదటి రెండేళ్ళు శరీర శాస్త్రం, మందుల శాస్త్రం వంటి పాఠాలతో గడుస్తాయి. మూడో ఏటి నుంచి రోగుల వద్దకు పోవలె. అప్పుడు కుర్చీలు ఖాళీగా ఉంటే అయిదేళ్ళ చదువు గాలికి పోయినట్లే.

కాబట్టి బస్సులో పోయి వచ్చిన వారిని అడగవలె. పళ్ళసెట్టు కట్టించుకోవడానికి అయిదారుసార్లు తిరగవలసి ఉంటుంది. అన్నిసార్లు తిరిగిన ముసలమ్మకు ఆ కాలేజీ గుట్టు ప్రిన్సిపాలుకు తెలిసినంత తెలిసి ఉంటుంది. ఎంతసేపు కూర్చోబెట్టారు, ఎంతమంది ఉన్నారు, పిల్లలు పని చేస్తుంటే పక్కన పెద్ద డాక్టరు నిలబడి చూశారా లేక తనిఖీ వచ్చిన రోజు మాత్రమే కనిపించారా? కట్టిన సెట్టుతో ఆమె ఇప్పుడు జొన్నరొట్టె తినగలుగుతున్నదా, లేక అది గూట్లో గ్లాసు నీళ్ళలో ఉన్నదా? ఈ జవాబులు విన్నవారికి బ్రోచరుతో పని ఉండదు.

ఆ తరువాత స్వయంగా పోయి చూడవలె. అడ్మిషన్ల గదికి పోతే కాఫీ ఇస్తారు, ఏ.సి. లెక్చరు హాలు చూపిస్తారు. అక్కడికి గాక, ముందుగా చెప్పకుండా ఒక సోమవారం పది గంటలకు ఓ.పి. చీటీలు రాసే కిటికీ వద్దకు పోయి గంటసేపు నిలబడితే చాలు. కుర్చీలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్నింటిలో మనుషులు ఉన్నారన్నది చూడవలె. హౌస్ సర్జన్లు మధ్యాహ్నం బయట టీ బండి వద్ద దొరుకుతారు. ఒక్కొక్కరు ఎన్ని పళ్ళు పీకారో, ఎన్ని రూట్ కెనాళ్ళు సొంతంగా చేశారో అడిగితే దాచరు. పరీక్షకు రోగిని తామే డబ్బిచ్చి తెచ్చుకోవలసి వచ్చిందని చెప్పారంటే అక్కడి నుంచి వెనక్కు తిరగవచ్చును. కాలేజీకి, కోర్సుకు గుర్తింపు ఉన్నదీ లేనిదీ యూనివర్సిటీ జాబితాలో ఎలాగూ ఉంటుంది.

నొప్పి ఉన్నది, డబ్బు లేదు

ఈ జిల్లాలో పళ్ళ డాక్టరుకు పని లేదని ఎవరూ అనలేరు. ఫ్లోరైడు నీళ్ళకు పేరుబడ్డ ప్రాంతం ఇది. నీటిలోని ఫ్లోరైడును పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతికి దేశమంతటా నల్లగొండ పేరే పెట్టారు. పన్ను చిగురులోపల తయారయ్యే చిన్నతనంలో ఆ నీరు తాగిన వారికి పచ్చగా, గోధుమ రంగు చారలతో పళ్ళు వచ్చాయి. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాక పెరుగుతున్న పిల్లల సంగతి వేరు గాని, నలభై, యాభై ఏళ్ళ వారి పళ్ళ మీది చారలు నీళ్ళు మారినంత మాత్రాన పోవు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకొనే అలవాటు ఈ వైపు ఊళ్ళలో ఇప్పటికీ కనిపిస్తుంది. తంబాకు, గుట్కా నమిలి నోట్లో పుండ్లు తెచ్చుకొన్నవారు మరికొందరు. నోటి కాన్సరును మొదట్లోనే గుర్తు పట్టగలిగేది చాలాసార్లు పళ్ళ డాక్టరే.

అయినా మండల కేంద్రాలలో పళ్ళ డాక్టర్లు ఎంతమంది? పట్నంలో వీధికి ఇద్దరు. ఎందుకంటే నొప్పి వస్తే లవంగ నూనె, తగ్గకపోతే ఆర్.ఎం.పి. ఇచ్చే గోలీ, అదీ పని చేయకపోతే పీకించుకోవడం. ఇదీ పల్లె పద్ధతి. పన్ను నిలబెట్టడానికి వేలు పోయడం కన్నా పీకించుకొంటే పీడ పోతుందని కూలి మనిషి అనుకోవడంలో తప్పు పట్టలేం. కుర్చీ, కంప్రెసరు, ఎక్స్‌రే, పనిముట్లను శుభ్రపరిచే యంత్రం కొని క్లినిక్కు తెరవడానికి మళ్ళీ లక్షలు కావలె. పళ్ళు పీకిన డబ్బుతో ఆ అప్పు తీరదు. ఓపిక పట్టి అయిదారేళ్ళు ఒకే చోట కూర్చున్న వారు మాత్రం చుట్టుపక్కల ఇరవై ఊళ్ళకు పేరు పడి బాగానే ఉన్నారు. ఆ అయిదారేళ్ళు ఇంటి ఖర్చు ఎవరు భరిస్తారన్నదే ప్రశ్న. నెత్తిన వడ్డీ లేనివాడు ఆగగలడు, ఉన్నవాడు ఆగలేడు.

ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ పెట్టుకోదగినది కాదు. 2025లో రాష్ట్రంలో డెంటల్ అసిస్టెంట్ సర్జన్ల పోస్టులకు ప్రకటన వెలువడితే ఆ పోస్టులు యాభైకి లోపే. ఎం.డి.ఎస్. చదివితే విలువ పెరుగుతుంది గాని అది మరో మూడేళ్ళు, మరో నీట్. పైగా 2023లో పార్లమెంటు చేసిన జాతీయ దంత కమిషన్ చట్టంలో బి.డి.ఎస్. చివర దేశమంతటికీ ఒకే ఎగ్జిట్ పరీక్ష పెట్టాలని ఉన్నది. అది అమలుకు వచ్చిన నాడు, రోగులు లేని కాలేజీలో కాలక్షేపం చేసిన వారికి పట్టా ఉన్నా ప్రాక్టీసు చిక్కే.

అమెరికా మాట కూడా వినవస్తున్నది. సంబంధాలు చూసేవారు పళ్ళ డాక్టరమ్మ అయితే అక్కడ తిరుగులేదంటారు. అక్కడ పని చేయడానికి ఇక్కడి పట్టా నేరుగా చెల్లదు. పరీక్ష రాసి, ఎక్కువ రాష్ట్రాలలో మళ్ళీ రెండు మూడేళ్ళు అక్కడి దంత కళాశాలలో చదవవలె. దానికి అయ్యేది లక్షల్లో కాదు, కోట్లలో. గట్టెక్కిన తెలుగు పిల్లలు లేకపోలేదు. కాని దానిని చూపి ఇక్కడ పొలం అమ్మమనడం మాత్రం న్యాయం కాదు.

ఇంతకూ పిల్ల ఏమంటున్నదో చాలా ఇళ్ళలో ఎవరూ అడగడం లేదు. చేతిపని మీద ఇష్టం, గంటల తరబడి మరొకరి నోట్లోకి వంగి చూసే ఓర్పు ఉన్నవారికి ఇది మంచి వృత్తి. రాత్రి పిలుపులు తక్కువ, తన వేళలు తన చేతిలో ఉంటాయి. ఎం.బి.బి.ఎస్. రాలేదన్న బాధతో చేరినవారు మాత్రం మొదటి ఏడాదిలోనే మళ్ళీ నీట్ పుస్తకాలు తీస్తున్నారు. సీటు మధ్యలో వదిలితే ఎంత కట్టవలసి వస్తుందో యూనివర్సిటీ నిబంధనలలో చదివి గాని సంతకం పెట్టరాదు.

మర్రిగూడ రైతు కూతురిని అడిగాడు. కన్వీనరు కోటాలో వస్తేనే చేరతానని, మేనేజ్‌మెంటు సీటు అయితే వద్దని, వ్యవసాయ బి.ఎస్సీ.కి ఈఏపీసెట్ ర్యాంకు ఎలాగూ ఉన్నదని ఆమె చెప్పింది. ఏజంటు ఫోను ఎత్తడం మానేశారు. ఆప్షన్లలో పెట్టదలచిన రెండు కాలేజీలను ముందుగా చూసి రావాలని వచ్చే సోమవారం తండ్రీ కూతుళ్ళు మొదటి బస్సుకు పోతున్నారు. రైతుకు ఆరు నెలలుగా కింది దవడలో ఒక పన్ను సలుపుతున్నది. ఓ.పి. చీటీ ఆయన పేరు మీదనే తీస్తారట.