అద్దం మీద మౌస్.. 14 వేలు పెట్టే ముందు

సంక్రాంతికి గుడివాడ వెళ్తే మా పిన్ని కొడుకు "అన్నయ్యా, ఓ మాట" అంటూ డాబా మీదకి లాక్కెళ్లాడు. ఈసీఈ ఫైనలియర్. ఏ ప్రేమ వ్యవహారమో అనుకున్నా. తీరా చూస్తే మౌస్ సంగతి! గ్లాస్ మౌస్‌ప్యాడ్ ఒకటి, వేలికొసలతో పట్టుకునే తేలికపాటి గేమింగ్ మౌస్ ఒకటి, రెండూ కలిపి 14 వేలు. ధాన్యం డబ్బులు వచ్చాయి కాబట్టి బాబాయి ఇవ్వడానికి సిద్ధమే. కాకపోతే "ఉద్యోగానికి ఏమన్నా పనికొస్తుందా అది?" అని అడిగాడట. దానికి జవాబు నేను చెప్పాలి. అదీ వాడి ప్లాన్.

వాడి ఆశకి కారణం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బులు పెట్టి ఆడే ఆటల్ని మూసేస్తూనే ఈ-స్పోర్ట్స్‌ని క్రీడగా గుర్తించింది. మన రాష్ట్రంలో రమ్మీ, పోకర్ లాంటి ఆన్‌లైన్ ఆటల మీద 2020లోనే నిషేధం వచ్చింది కాబట్టి ఆ సగం మనకి కొత్త కాదు. కొత్తది రెండో సగం. "ఇక ఇది కూడా క్రికెట్ లాంటిదే" అని హాస్టళ్లలో మాటలు మొదలయ్యాయి. అక్కడి నుంచి గ్లాస్ ప్యాడ్ దాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ముందు వస్తువు సంగతి చూద్దాం

మామూలు గుడ్డ ప్యాడ్ మీద మౌస్ కదలాలంటే ముందు ఒక చిన్న పట్టు విడాలి. ఫస్టియర్ ఫిజిక్స్‌లో చదివిన స్థిత ఘర్షణ అదే. గ్లాస్ ప్యాడ్ మీద ఆ పట్టు బాగా తక్కువ. గాజు అంటే కిటికీ అద్దం కాదు. పైభాగాన్ని కంటికి కనపడనంత సన్నగా గరుకు చేస్తారు. మౌస్ సెన్సర్ నేలని ఫొటోలు తీస్తూ కదలికని లెక్కగడుతుంది కదా, దానికి పట్టుకోవడానికి ఏదో ఒక ఆనవాలు ఉండాలి. అయినా కొన్ని పాత సెన్సర్లు దీని మీద తడబడతాయి. కొనేముందు మీ మౌస్‌తో ఒకసారి ఆడించి చూడటం తప్పనిసరి.

ఇక బరువు. మన దగ్గర చాలామంది మొదట కొనే లాజిటెక్ జీ102 బరువు 85 గ్రాములు. రేజర్ వైపర్ వీ3 ప్రో 54 గ్రాములే. ఈ 31 గ్రాముల తేడా మరీ పెద్దదా అనిపిస్తుంది. ఇక్కడే అసలు మెలిక. ఘర్షణ అనేది మౌస్ బరువు ఒక్కదాని మీదే కాదు, మన వేళ్లు కిందికి నొక్కే బలం మీద కూడా ఆధారపడుతుంది. 54 గ్రాముల మౌస్‌ని మరో 50 గ్రాముల బరువంత నొక్కితే చాలు, ఘర్షణ దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే తేలిక మౌస్ మీద బ్రేకు మీ వేళ్లలోనే ఉంటుంది. షోరూములో 14 వేలు కట్టినా ఆ బ్రేకు వేయడం మనమే నేర్చుకోవాలి.

అరచేయి మొత్తం ఆనించి పట్టుకునేవాళ్లకి చేతి అడుగు భాగం ప్యాడ్‌కి రాసుకుంటూ కొంత అడ్డుపడుతుంది. ఫింగర్‌టిప్ పట్టులో అరచేయి మౌస్‌కి తగలదు. బొటనవేలు, ఉంగరపు వేలు పక్కల నుంచి పట్టుకుంటే మిగతావి పైన ఉంటాయి. చిన్న చిన్న సవరణలకి ఇంతకి మించిన పట్టు లేదు. కానీ దీనికి గాజు తోడైతే రెండు యాక్సిలరేటర్లున్న బండి నడిపినట్టే. మొదటి వారం నా క్రాస్‌హెయిర్ ప్రతిసారీ ప్రత్యర్థి తల దాటి గోడ మీదకి పోయేది. మూడు వారాలకి దారిలో పడింది. ఎపెక్స్ లెజెండ్స్ లాంటి ఆటలో, కదిలే మనిషిని వదలకుండా వెంటాడాల్సిన చోట, ఆ జారుడు నిజంగా హాయి. వాలరెంట్‌లో మాత్రం మూల దగ్గర చేయి కదపకుండా కాచుకుని ఒక్క క్లిక్ కొట్టాలి. అక్కడ గుడ్డ ప్యాడే నయమనిపించింది నాకు. ప్రొఫెషనల్స్‌లోనూ చాలామంది ఇప్పటికీ గుడ్డ ప్యాడ్లే వాడుతున్నారు.

బెజవాడ ఎండ లెక్కలోకి తీసుకోండి

విదేశీ రివ్యూల్లో దొరకని విషయం ఇది. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. డెల్టాలో ఎండ ఒక్కటే కాదు, ఉక్క. గుడ్డ ప్యాడ్ గాల్లో తేమనీ, చేతి చెమటనీ పీల్చుకుంటుంది. జనవరిలో జారిన ప్యాడ్ మే నెల మధ్యాహ్నానికి బురదలో నడిచినట్టు అవుతుంది. గాజుకి ఆ బాధ లేదు, తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్తదే. అయితే చెమటపట్టిన ముంజేయి అద్దానికి అతుక్కుపోతుంది. మౌస్ జారుతుంది, చెయ్యి జారదు! చేతికి స్లీవ్ తొడుక్కుంటే తప్ప నా వల్ల కాలేదు. పటమటలో నేనున్న గది రోడ్డు పక్కనే. ఆ దుమ్ములో ఒక్క ఇసుక రేణువు మౌస్ కింద పడితే కర్రుమంటుంది. మౌస్ అడుగున ఉండే టెఫ్లాన్ స్కేట్స్ కూడా గాజు మీద గుడ్డ మీదకన్నా త్వరగా అరుగుతాయి. అవి మళ్లీ కొనాలి. అర్ధరాత్రి గాజు మీద మౌస్ చేసే చప్పుడికి రూమ్మేట్ లేవడం అదనం.

ఇంకొకటి. మీ ల్యాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్ అయితే ఒక్కో బొమ్మ మారడానికి 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. మామూలు 1000 హెర్ట్జ్ మౌస్ ప్రతి మిల్లీసెకనుకీ సమాచారం పంపుతూనే ఉంటుంది. ఆలస్యం తెర దగ్గర ఉంటే ప్యాడ్‌కి డబ్బు పోయడం దేనికి? నా మాట అయితే ముందు తెర, తర్వాత మౌస్, గాజు చిట్టచివర.

మరి కెరియర్?

ఇక్కడ మా తమ్ముడికి నచ్చని మాట చెప్పాల్సి వచ్చింది. మన దేశంలో ఈ-స్పోర్ట్స్ జనం, స్పాన్సర్లు ప్రధానంగా బీజీఎంఐ లాంటి మొబైల్ ఆటల వైపే ఉన్నారు. అక్కడ పని బొటనవేళ్లది, మౌస్‌కి చోటే లేదు. 2018 జకార్తా ఏషియాడ్‌లో ఈ-స్పోర్ట్స్‌ని ప్రదర్శన క్రీడగా పెట్టినప్పుడు మన తీర్థ్ మెహతా కాంస్యం తెచ్చాడు. ఆడింది హార్త్‌స్టోన్, పేకల ఆట. ప్యాడ్ ఎంత జారుతుందో దాంతో పనే లేదు! హాంగ్‌జౌలో 2023లో ఇవి పతక క్రీడలయ్యాయి, మనకి పతకం రాలేదు. వాలరెంట్‌లో పసిఫిక్ లీగ్ దాకా వెళ్లిన భారతీయ జట్టు గ్లోబల్ ఈస్పోర్ట్స్. అందులోనూ చాలా సీట్లు విదేశీ ఆటగాళ్లవే. చట్టం గుర్తింపు ఇచ్చింది నిజమే, జీతం మాత్రం ఇవ్వదు కదా.

చట్టంలో ఇంకో మాట కూడా చదువుకోండి. టోర్నీలో ఎంట్రీ ఫీజు, ప్రైజ్‌మనీ ఉండొచ్చు, పందెం ఉండకూడదు. ఆడేవాళ్లకి శిక్ష లేదు. డబ్బాటలు నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. వాటికి ప్రచారం చేసినా రెండేళ్ల జైలు, 50 లక్షల దాకా పడొచ్చు. ఇన్‌స్టాలో నాలుగు వేలిచ్చి రీల్ చేయమన్నారని ఒప్పుకునే ముందు ఆ ఆట ఏదో చూసుకోవాలి. ప్లేస్‌మెంట్ ముందు కేసులో ఇరుక్కోవడం ఎవరికి కావాలి?

అయితే డాబా మీద మా మాటలు ఇంకో దారి పట్టాయి. ఆప్టిమమ్ అనే ఆస్ట్రేలియా యూట్యూబ్ ఛానెల్ జీరోమౌస్ అని ఒకటి చేసింది. రేజర్ మౌస్ లోపలి సర్క్యూట్ తీసి, 3డీ ప్రింట్ చేసిన బుల్లి డొప్పలో పెట్టడమే. చాలామంది ఇదే పని లాజిటెక్ జీ305తో చేస్తుంటారు. అందులో ఏఏ సెల్ ఒక్కటే 23 గ్రాముల దాకా ఉంటుంది. అడాప్టర్ పెట్టి ఏఏఏ వేస్తే అందులో సగం పోతుంది. వారంటీ కూడా పోతుందనుకోండి. కానీ ఆ పనిలో ఏముందో చూడండి. డొప్పకి క్యాడ్ డిజైన్, బటన్‌కి టాలరెన్సు, క్లిక్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడకుండా డీబౌన్స్, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, బ్యాటరీ లెక్క. ఈసీఈ పిల్లాడిని ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడించే సరుకు ఇది. హైదరాబాద్‌లో ఈఏ లాంటి గేమింగ్ కంపెనీల ఆఫీసులున్నాయి. అక్కడ టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్లేవాడు "నాకు గేమ్స్ ఇష్టం" అనడం వేరు, "రెండు ప్యాడ్ల మీద ఇన్ని రోజులు ఆడి, ఎయిమ్ ల్యాబ్ స్కోర్లు ఇలా రాసిపెట్టుకున్నాను" అని ఎక్సెల్ షీట్ చూపించడం వేరు. మంగళగిరిలో 2025 ఆగస్టులోనే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. వస్తువు చేసి చూపించేవాళ్లకి తలుపు తట్టడానికి దగ్గర్లో ఒక చోటు ఉంది.

బాబాయికి చివరికి వాడే చెప్పుకున్నాడు. 14 వేలు వద్దని, ఒక సెకండ్‌హ్యాండ్ జీ305, ఒక గుడ్డ ప్యాడ్, ప్రింటింగ్ ఖర్చులు చాలని. నా గాజు ప్యాడ్ మాత్రం నెల రోజులకని పట్టుకెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు. కాలేజీ ల్యాబ్‌లో ప్రింట్ చేసిన మొదటి డొప్పలో ఎడమ బటన్ నొక్కితే లోపలే ఇరుక్కుపోయింది. రెండోది పగిలింది. మూడోది వాళ్ల వీధి చివర బంగారం కొట్టు త్రాసు మీద తూచి ఫొటో పంపాడు: సెల్‌తో కలిపి 41 గ్రాములు. కింద ఒక మెసేజ్: "అన్నయ్యా, కుడి బటన్ డబుల్ క్లిక్ పడుతోంది. డీబౌన్స్ గురించి రేపు ఫోన్ చేస్తా."