రాకడ దగ్గరైతే సమాధుల జాగా ఎందుకు?

పోయిన నెల మా వాడలో సమాధుల జాగా అర్జీ మీద సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాను. ఎకరం చిల్లర ఉంటుంది. పక్క చేలవాళ్లు ఏడాదికో సాలు చొప్పున లోపలికి దున్నుకుంటూ వచ్చి, ఇప్పుడు మా నాయనమ్మ సమాధి అంచు దాకా వచ్చారు. ముసలివాళ్లు వేలిముద్రలు వేశారు. డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు మాత్రం పెన్ను పట్టుకోలేదు. "అన్నా, ప్రభువు రాకడ దగ్గర్లో ఉంది. ఎత్తబడే సంఘానికి ఈ మట్టితో పనేముంది?" అన్నాడు. కోపంగా కాదు, నా మీద జాలితో అన్నాడు.

ఆ జాలే ఈ వారం నాతో రాయిస్తోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు గురించి సగంలో ఆపింది వచ్చే వారం పూర్తి చేస్తాను.

నేను బయటి నుంచి మాట్లాడటం లేదు. ఆ మందిరంలోనే పెరిగాను. వాక్యాలు కంఠతా పట్టి స్టీలు గ్లాసు గెలుచుకున్నవాణ్ణి. 1999లో మా అమ్మ రేకుల కోసం దాచిన డబ్బుతో రేకులు వేయించలేదు. రెండు వేల సంవత్సరం దాటదని సభల్లో చెప్పారు, ఆ డబ్బు కానుకగా వెళ్లిపోయింది. డిసెంబరు 31 రాత్రి తెల్లవార్లూ ప్రార్థన చేశాం. జనవరి 1 తెల్లారింది. ఆ వానాకాలం ఇంట్లో మూడు చోట్ల గిన్నెలు పెట్టుకుని పడుకున్నాం. అయ్యగారు ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. అమ్మ కూడా అడగలేదు. అడిగితే విశ్వాసం తక్కువైందంటారని భయం.

ఇలా తేదీలు తప్పడం మన పల్లెలతో మొదలు కాలేదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బోధకుడు దానియేలు గ్రంథంలోని రోజులు లెక్కేశాడు. అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 దగ్గర ఆగారు. కొందరు ఆ ఏడు పంట కూడా కోయలేదు. నిన్న మొన్న హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, తప్పాక అక్టోబరు 21 అన్నాడు. లెక్క తప్పిన ప్రతిసారీ లెక్క మారుతుంది, లెక్కేసే అలవాటు మాత్రం మారదు.

అసలు మహాశ్రమలకి ముందే సంఘం రహస్యంగా ఎత్తబడుతుందనే ఈ పద్ధతి ఎంత పాతది? 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ, ఆయన బ్రదరన్ సహచరులు దాన్ని వ్యాప్తిలోకి తెచ్చారు. 1909లో స్కోఫీల్డ్ బైబిలు అచ్చైనప్పుడు, వాక్యం కింద నోట్సుగా చేరి, వాక్యంతో సమానమైపోయింది. 1836లో మన తీరానికి వచ్చి నర్సాపురం వైపు పనిచేసిన బౌడెన్, బీర్ కూడా బ్రదరన్ మిషనరీలే. అంటే మన తాతలు అనాది సత్యం అనుకున్నదానికి రెండు వందల ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదు.

ఇంకో చిక్కుంది. ఈ తరం గతించకముందే ఇవన్నీ జరుగుతాయని మార్కు 13లో యేసు చెప్పినట్టుంది. పౌలు కూడా తాను బతికుండగానే రాకడ చూస్తానన్నట్టు థెస్సలొనీక వాళ్లకి రాశాడు. ఆ తరం పోయింది. ఏడీ, రాలేదేం అని అప్పటికే జనం వెక్కిరిస్తున్నారని రెండో పేతురు పత్రికే ఒప్పుకుంటుంది. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సందేహం సైతాను పంపింది కాదు. అది ఆ పుస్తకంలోనే ఉంది.

666 సంగతి. బార్‌కోడ్ అన్నారు, ఆధార్ అన్నారు, టీకా అన్నారు. మా పక్క వీధిలో ఒకామె ఆధార్ తీయించుకోనని పట్టుబట్టి చాలా నెలలు రేషన్ పోగొట్టుకుంది. నీరో సీజరు పేరుని హీబ్రూ అక్షరాల్లో రాసి, వాటి విలువలు కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 616 ఉంది, లాటిన్ రూపంలో రాస్తే అదీ సరిపోతుంది. రోము పేరెత్తితే ప్రాణం పోయే కాలంలో జనం వాడిన గుట్టు భాష అది. పద్దెనిమిదో అధ్యాయం చదవండి. కూలిపోయే నగరపు వర్తకుల సరుకుల జాబితాలో బంగారం మొదలుకొని చివర మనుషులు, బానిసలు వస్తారు. మనుషుల్ని సరుకుగా అమ్మే రాజ్యం మీద పీడితులు రాసుకున్న కోపం అది. దాన్ని రైల్వే టైంటేబుల్‌గా మార్చి మన చేతికిచ్చారు. పైగా గాజాలో పిల్లలు చస్తుంటే, ప్రవచనం నెరవేరుతోందని మన వాడల్లో స్తోత్రాలు చెప్పిస్తున్నారు. పాలస్తీనాలో క్రైస్తవులున్నారని చెప్పేవాడే లేడు.

క్రైస్తవంలోకి మారినవాళ్ల స్థితి గురించి అంబేడ్కర్ ఒక వ్యాసం రాశారు. మనిషి బాధకి మూలం అతని పాపమే అని నేర్పితే, చుట్టూ ఉన్న సమాజం మీద చూపు పడదని ఆయన అభ్యంతరం. రాకడ బోధ ఇంకో అడుగు వేస్తుంది. సమాజమే రేపు కాలిపోతుందంటే దాన్ని మార్చడం దేనికి?

అయితే మా నాయనమ్మని నేను అమాయకురాలు అనలేను. ఆమె తీర్పు దినం గురించి మాట్లాడితే అందులో మేఘాలు, బూరలు ఉండేవి కావు. కూలి ఎగ్గొట్టిన ఆసామి నిలబడి సమాధానం చెప్పుకోవడం ఉండేది. చుండూరులో 1991లో మనవాళ్లని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు విన్న తల్లి పైన ఇంకో కోర్టు ఉందనుకుంటే నేను నవ్వను. మన సంఘాల పుట్టుక కూడా ఎదురుచూపుతో జరగలేదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పార, తట్ట, కూలిడబ్బు, ఆ వెనకే బడి. మా మందిరం అక్కణ్ణుంచి వచ్చింది.

నేను ఆ తమ్ముడితో ఇదంతా వాదించలేదు. ఒక్కటే అన్నాను. "చనిపోయిన విశ్వాసులే ముందు లేస్తారని పౌలు రాశాడు కదరా. మీ తాత లేవాలన్నా ముందు ఆయన సమాధి ఉండాలి కదా." నవ్వాడు. సంతకం పెట్టలేదు. కానీ ఆదివారం కూడిక అయ్యాక ఫోన్ చేసి సర్వే నంబరు ఎంత అని అడిగాడు. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. పొద్దున్నే ఆటో మాట్లాడాను, ఇంకా ఇద్దరికి చోటుంది.

జై భీమ్.