బుజ్జి తాబేలుకి ఎంత ఇల్లు?

కొన్నప్పుడు అది అరచేతిలో ఇమిడిపోతుంది. పచ్చటి చిప్ప, కళ్ల వెనక ఎర్రటి చారలు. చూడగానే పిల్లలు వదలరు. ‘ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుంది’ అని పెద్దలూ సరేనంటారు. దాంతోపాటే దుకాణదారు ఓ చిన్న ప్లాస్టిక్ తొట్టి అంటగడతాడు. మధ్యలో బుల్లి దీవి, దాని మీద ఓ ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. ముచ్చటగానే ఉంటుంది కానీ తాబేలు బతకడానికి ఆ తొట్టి పనికిరాదు.

అక్వేరియం షాపుల్లో ఎక్కువగా కనిపించే ఈ రకం పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. (మన నక్షత్ర తాబేలుని పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా తెచ్చిస్తామన్నా వద్దనండి.) సరిగా చూసుకుంటే స్లైడర్ 20, 30 ఏళ్లు బతుకుతుంది. ఆడదైతే 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే టిఫిను పళ్లెమంత!

చిప్ప పొడవు ప్రతి అంగుళానికీ దాదాపు 40 లీటర్ల నీళ్లుండాలని పెంపకందారుల లెక్క. ఆ ప్రకారం ఎదిగిన తాబేలుకి 400 లీటర్లు, అంటే నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు తొట్టి కావాలి. నీటి లోతు కనీసం చిప్ప పొడవుకి ఒకటిన్నర రెట్లుండాలి. అడుగున గులకరాళ్లు పోయకండి, మింగేస్తుంది. దాని తలకన్నా పెద్ద రాళ్లయితే ఫరవాలేదు.

చాలామంది మర్చిపోయేది పొడి చోటు. నీటి తాబేలే అయినా రోజూ కొన్ని గంటలు గట్టెక్కి, ఒళ్లంతా ఆరేలా ఎండ కాచుకోవాలి. నీళ్లు 25 డిగ్రీల దగ్గరుంటే గట్టు మీద 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. అందుకో బల్బు. ఇది చాలదు, యూవీబీ లైటు వేరే ఉండాలి. ఆ కిరణాలు లేకపోతే విటమిన్ డి3 తయారవదు, క్యాల్షియం ఒంటబట్టదు. చిప్ప మెత్తబడిపోతుంది. కిటికీ పక్కన పెట్టాం కదా అనుకోకండి, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అలాగని గాజు తొట్టినే ఎండలో పెడితే నీళ్లు కాగిపోతాయి. పొద్దుటెండలో కాసేపు, సగం నీడ ఉండే వెడల్పాటి టబ్బులో వదలడం మేలు.

తాబేలు తినేదీ, విసర్జించేదీ నీళ్లలోనే. కాబట్టి తొట్టిలో పట్టే నీటికి రెట్టింపు సామర్థ్యమున్న ఫిల్టరు పెట్టండి. వారం వారం కొంత నీరు మార్చండి. ఎండు రొయ్యలే పడేస్తే పోషకాలు చాలక కళ్లు వాచిపోతాయి. గుళికలతోపాటు ఆకుకూరలూ వేయాలి.

తాబేళ్ల ఒంటిమీద సాల్మొనెల్లా ఉంటుంది. పసిపిల్లలకి అంటుతోందనే 1975లో అమెరికా నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

పెద్దదయ్యాక విసుగొచ్చి గుడి కోనేట్లోనో, ఊరి చెరువులోనో వదిలేస్తుంటారు కొందరు. పుణ్యం మాట అటుంచి, అక్కడి మన తాబేళ్ల తిండికీ, ఎండ కాచుకునే చోటుకీ అది పోటీకొస్తుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో దీని పేరూ ఉంది. అందుకే షాపుకెళ్లేముందు టేపు తీసి, నాలుగడుగుల తొట్టి ఇంట్లో ఎక్కడ పడుతుందో కొలిచి చూసుకోండి.